ఇంట్లోనే ఉంటావుగా, చిలకని చూసుకోలేవా?

మార్చి నెలాఖరులో మా ఇంట్లో ఒక తీర్మానం జరిగింది. నేను వంటింట్లో ఉండగా హాల్లో జరిగింది. చిలకని తెచ్చి పెంచుకుందామని మా అమ్మాయి ప్రతిపాదించింది, మా అబ్బాయి బలపరిచాడు, మా వారు పేపరు మడిచి "పాపం, అంతగా అడుగుతోంది కదా" అంటూ ఆమోదించేశారు. ఆ తర్వాత నాకు తెలియజేశారు.

కారణాలన్నీ ముందే సిద్ధం చేసుకున్నారు. కుక్కయితే అపార్ట్‌మెంటు వాళ్లు గొడవ చేస్తారు, రోజుకి రెండుసార్లు కిందకి తిప్పడానికి ఎవరికీ తీరదు. పిల్లి అంటే అత్తయ్యగారికి పడదు. చిలకయితే చిన్న ప్రాణి. బాల్కనీలో ఓ మూల పంజరం తగిలిస్తే సరి. గుప్పెడు గింజలు, ఓ జామకాయ ముక్క. "అయినా నువ్వు ఇంట్లోనే ఉంటావుగా అమ్మా!" అంది మా అమ్మాయి.

నాకు ఒళ్లు మండింది ఆ ఆఖరి మాటకే. ఇవాళ రాస్తున్నదీ దాని గురించే.

చోటు లేని ఇంటికి, తీరిక లేని మనుషులకి చిలక బాగా కుదురుతుందనే మాట ఈమధ్య ఎక్కడ చూసినా వినపడుతోంది. అర నిమిషం వీడియోలో అది "హాయ్" అంటుంది, భుజం మీద కూర్చుంటుంది, అయిపోతుంది. నేను చెప్పేదేమిటంటే, ఆ మాట శుద్ధ తప్పు. చిలక తక్కువ చోటు పట్టే ప్రాణి కాదు, ఎక్కువ పొద్దు తినే ప్రాణి. ఆ తినే పొద్దు కూడా ఇంట్లో అందరిదీ కాదు, ఒక్కరిదే. ఆ ఒక్కరెవరో మీకు నేను చెప్పక్కర్లేదు.

నాకీ సంగతి పుస్తకాల వల్ల తెలిసింది కాదు. మా పుట్టిల్లు భీమవరం దగ్గర పల్లెటూరు. వసారాలో దూలానికి కొక్కెం, కొక్కేనికి ఇనప పంజరం, అందులో రాముడు. నేను పుట్టకముందే తాటిచెట్టు తొర్రలోంచి పిల్లగా ఉన్నప్పుడు తీసి ఎవరో మా నాన్నమ్మకి తెచ్చిచ్చారట. పెంపకం పేరు నాన్నమ్మది, చాకిరీ మా అమ్మది. పొద్దున్నే పంజరం అడుగు కడగడం, నీళ్లు మార్చడం, ఎండొస్తే లోపల పెట్టడం, జల్లొస్తే పరుగెత్తడం, పిల్లి కాపలా, అన్నీ అమ్మే. వచ్చిన చుట్టాలంతా "అత్తగారి చిలక ఎంత ముద్దుగా మాట్లాడుతుందో!" అనేవాళ్లు.

దానికి నాన్నమ్మ నేర్పింది "రామ రామ". అది తనంతట తాను నేర్చుకున్నది "అమ్మాయ్!". నాన్నమ్మ మా అమ్మని పిలిచే పిలుపు. అదే గొంతు, అదే సాగతీత, చివర అదే విసుగు. ఆ ఇంట్లో పొద్దుట్నుంచి రాత్రి దాకా అన్నిటికన్నా ఎక్కువ వినపడే మాట అదే మరి, పక్షి తప్పేముంది? అది పిలిచినప్పుడల్లా మా అమ్మ పిండి చేతులతోనో తడి చేతులతోనో "వస్తున్నానండీ" అంటూ వసారాలోకి వచ్చేది. అందరం పడీపడీ నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను.

నేను పదో తరగతిలో ఉండగా నాన్నమ్మ పోయింది. గొంతు మాత్రం పోలేదు. కంచం ముందు కూర్చున్న అమ్మ "అమ్మాయ్!" వినపడగానే లేవబోయి, గుర్తొచ్చి మళ్లీ కూర్చునేది. ఒక్కోసారి లేచి వెళ్లేది కూడా.

ఆ గొంతు మా నాన్న భరించలేకపోయారు. ఓ తొలి ఏకాదశి నాడు పుణ్యమని పంజరం తలుపు తీసేశారు. రాముడు బయటికొచ్చి పంజరం మీద కూర్చుంది. కాసేపటికి ఎగరబోయి, పెరట్లో పశువుల పాక కప్పు దాకా వెళ్లగలిగింది. పదిహేడేళ్లు రెక్క చాచని పక్షి ఎంత దూరం ఎగురుతుంది? కాకులు చేరాయి. మా అమ్మ నిచ్చెన వేసుకుని కప్పెక్కి, కొంగులో పట్టి దింపింది. భయంతో అది అమ్మ బొటనవేలి దగ్గర కొరికింది. ఆ గాటు ఇప్పటికీ ఉంది. నాన్న చిలకకి విముక్తి ఇచ్చారని ఊళ్లో నాలుగు రోజులు చెప్పుకున్నారు. నిచ్చెన సంగతి ఎవరూ చెప్పుకోలేదు. అది మళ్లీ పంజరంలోకే వచ్చింది, మర్నాటి నుంచి మళ్లీ "అమ్మాయ్!".

పూర్వజన్మలో చిలకని పంజరంలో పెట్టిన పాపానికే రామదాసు గోల్కొండలో పన్నెండేళ్లు ఖైదులో ఉన్నాడని మన పెద్దవాళ్లు కథ చెబుతారు కదా. నాకు ఆ కథ చెప్పింది నాన్నమ్మే. సరిగ్గా ఆ పంజరం కింద పీట వేసుకుని కూర్చుని చెప్పింది! బి.ఏ.లో శుకసప్తతి గురించి చదివినప్పుడు కూడా నాకు రాముడే గుర్తొచ్చింది. మొగుడు ఊరెళితే పెళ్లాం గడప దాటకుండా రాత్రికో కథ చెప్పి ఆపిన చిలక. మన కథల్లో చిలకా, ఇంట్లో ఆడదీ ఎప్పుడూ ఒకరినొకరు కాపలా కాసుకుంటూనే ఉన్నారు.

సరే, మా తీర్మానం దగ్గరికొద్దాం. మా వారి మనసులో ఉన్నది పచ్చ చిలక. ఎర్రముక్కుది, మన చెట్ల మీద ఉండేది. "బజార్లో దొరుకుతాయి" అన్నారు. దొరుకుతాయి. అమ్మకూడనివి చాలానే దొరుకుతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశపు చిలకల్ని పట్టడం, అమ్మడం, కొనడం నేరం. మూడేళ్ల దాకా జైలు, జరిమానా, లేకపోతే రెండూ. ఆ జరిమానా 25 వేలుండేది, 2022లో చట్టాన్ని సవరించి లక్ష దాకా చేశారు. మా చిన్నప్పుడూ ఆ చట్టం ఉంది, మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలియదనడానికి లేదు. చట్టం మాట అటుంచండి. బజారుకొచ్చే పిల్లలన్నీ వేసవికి ముందు తొర్రల్లోంచి లాక్కొచ్చినవే. మెడలో ఆ నల్ల, గులాబీ రంగు పట్టీ మగవాటికి మూడో ఏడు వస్తే గాని రాదు. పట్టీ లేని బుజ్జి చిలక అని మురిసి కొన్నామంటే ఈకలు నిండకుండానే తల్లి దగ్గర్నుంచి తెచ్చిన పిల్లని కొన్నామన్నమాట.

ఆ దారి మూసేశాక విదేశీ పక్షుల మాట వచ్చింది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన బడ్జీలు, కాకటీల్‌లు, ఆఫ్రికా లవ్‌బర్డ్స్. ఇవి ఇక్కడ పంజరాల్లోనే పుట్టి పెరిగినవి, పెంచుకోవచ్చు. ఆఫ్రికన్ గ్రే లాంటి పెద్ద చిలకలైతే ప్రభుత్వం పోర్టల్‌లో నమోదు చేయించాలి, 2024లో నిబంధనలొచ్చాయి. మా అబ్బాయి గ్రే వీడియో చూపించి "అమ్మా, దీని తెలివి చూడు" అన్నాడు. చూశాను. అలెక్స్ అనే గ్రే చిలక గురించి కూడా చదివాను. అమెరికాలో ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే ఆవిడ దానితో ముప్ఫై ఏళ్లు పనిచేసింది. రంగులు చెప్పేది, ఆకారాలు చెప్పేది, ఆరు దాకా లెక్కపెట్టేది, నూటికి పైగా మాటలొచ్చు. 2007లో చనిపోయింది. అంత బుద్ధి ఉన్నదాన్ని పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఒంటరిగా ఒక గూట్లో పెట్టి ఆఫీసుకి, కాలేజీకి వెళ్లిపోవడమే కదా మన ఏర్పాటు? చిలకలు గుంపులో బతికేవి. మా వీధి చివర రావిచెట్టు మీద సాయంత్రం వినండి, ఒక్కటి ఒంటరిగా ఉంటుందేమో చూడండి. తోడు లేక, తోచక, పంజరంలో తమ ఈకలు తామే పీక్కుని ఒళ్లు బోసి చేసుకునే చిలకలున్నాయి.

"ఒంటరిగా ఎందుకుంటుంది, నువ్వుంటావుగా" అని మళ్లీ అదే మాట.

నేనుంటాను. నేనేం చేస్తూ ఉంటాను? పోపు వేస్తూ ఉంటాను. మా రెండు పడగ్గదుల ఫ్లాటులో వంటింటికీ హాలుకీ మధ్య గోడ లేదు, గ్రానైట్ గట్టు ఉంది. పక్షుల ఊపిరితిత్తులు మనవాటి కన్నా ఎంతో సున్నితం. బ్రిటన్ బొగ్గుగనుల్లో విషవాయువుని కనిపెట్టడానికి 1986 దాకా కానరీ పిట్టల్నే తీసుకెళ్లేవాళ్లు, మనిషికి తెలిసేలోపు పిట్టకి తెలుస్తుందని. నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద మర్చిపోయి మరీ కాగిందంటే ఆ పూత నుంచి వచ్చే ఆవిరికి పక్కగదిలో ఉన్న చిలక నిమిషాల్లో చచ్చిపోతుంది. దోమల కాయిల్, సాంబ్రాణి పొగ, అగరొత్తులు, బాత్రూమ్‌లో కొట్టే స్ప్రే, అన్నీ దానికి చేటే. ఎండుమిర్చి తాలింపుకి మనమే దగ్గుతాం. (పచ్చిమిర్చి మాత్రం ఎన్ని పెట్టినా తింటుంది. పక్షులకి ఆ కారం తెలియదు. మన ఊరగాయలు తినే మా మరిదిగారిలాగే.) తిరగేసి చూస్తే, కాకటీల్ ఒంటి నుంచి తెల్లటి పొడి రాలుతూనే ఉంటుంది, అత్తయ్యగారికి ఆయాసం. ఇద్దరిలో ఎవరి ఊపిరి చూడాలి నేను?

ఇంకో సంగతి ఏ వీడియోలోనూ చెప్పరు. సీలింగ్ ఫ్యాను. చిలకని రోజూ రెండు మూడు గంటలైనా పంజరం బయటికి వదలాలి, ఎగరనివ్వాలి. వదిలినంతసేపూ ఫ్యాను తిరగకూడదు. కిటికీలు, బాల్కనీ తలుపు వేసి ఉండాలి. పొయ్యి మీద ఏమీ ఉండకూడదు, బకెట్లో నీళ్లు తెరిచి ఉండకూడదు. ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో అన్నీ మూసుకుని, ఫ్యాను ఆపుకుని రెండు గంటలు కూర్చునే వాళ్లు మీ ఇంట్లో ఎవరో చెప్పండి. పోనీ రెక్కలు కత్తిరిస్తారట. అంటే పక్షి కావాలి, ఎగరడం వద్దు.

గుప్పెడు గింజల మాట కూడా అంతే. ఒట్టి గింజలు పెట్టి పెంచితే పిల్లాణ్ణి జంతికలు పెట్టి పెంచినట్టే, కాలేయానికి కొవ్వు పట్టి, ఎ విటమిన్ చాలక జబ్బు పడుతుంది. ఆకుకూర, క్యారెట్, ఉడికించిన మొక్కజొన్న రోజూ తరగాలి. ఎవరు తరుగుతారు?

నేను వాదించలేదు. మా బ్లాకులో మూడో అంతస్తులో ఒక పిన్నిగారున్నారు, టీచరుగా రిటైరయ్యారు, ఒక్కరే ఉంటారు. ఆవిడకి కాకటీల్ ఉంది. వాళ్ల పాత పంజరం అడిగి తెచ్చి హాల్లో పెట్టాను, ఖాళీగా. (బాల్కనీలో పెట్టడానికి లేదు, మధ్యాహ్నం నుంచి ఎండే.) ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించాను. ఇందులో చిలక ఉందనుకోండి, మూడు వారాలు దాని పని మీరే చెయ్యండి, ఆ తర్వాత మాట్లాడదాం అన్నాను. పొద్దున ఆరున్నరకి గుడ్డ తియ్యడం, అడుగున పేపరు మార్చడం, రెండు గిన్నెలు వేడినీళ్లతో కడగడం, కూరలు తరిగి పెట్టడం. సాయంత్రం ఐదున్నర నుంచి రెండు గంటలు ఫ్యాను ఆపి, తలుపులు వేసి, ఫోను పక్కన పెట్టి హాల్లో ఒకరు కూర్చోవడం. ఎనిమిదింటికి గుడ్డ కప్పడం. కప్పాక ఆ గదిలో లైటు, టీవీ ఉండకూడదు, దానికి పది పన్నెండు గంటలు చీకట్లో నిద్ర కావాలి.

మొదటి రోజు ముగ్గురూ పోటీ పడి చేశారు. రెండో రోజు మా అబ్బాయికి ట్యూషన్ అడ్డొచ్చింది. మూడో రోజు ఐపీఎల్.

"లేని చిలక నిద్ర కోసం మ్యాచ్ ఆపెయ్యాలా?" అన్నారు మా వారు.

"ఉన్న చిలక కోసమైతే ఆపుతారా?" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి సౌండు తీసేసి చూశారు.

మా అమ్మాయిని మెచ్చుకోవాలి. తొమ్మిది రోజులు లాక్కొచ్చింది. చెమటలు కక్కుకుంటూ ఆ ఖాళీ పంజరం ముందు పుస్తకం పట్టుకుని కూర్చుంది. పదో రోజు పరీక్షలు మొదలయ్యాయి, "ఈ ఒక్కరోజు అమ్మా" అంది.

నేను నా మీద కూడా ఒకటి చెప్పాలి. పన్నెండో రోజు పొద్దున టిఫిన్ బాక్సులు సర్దేసి, సింకు దగ్గర నిలబడి ఏదో కడుగుతున్నాను. చేతిలో చూస్తే ఆ పంజరం గిన్నె. లేని పక్షి తినని గిన్నె! వేడినీళ్లు పెట్టి మరీ కడుగుతున్నాను. నన్నెవరూ అడగలేదు. కాగితం మీద నా పేరు లేదు. అంతకుముందు రెండు రోజులూ పేపరు కూడా నేనే మార్చానని అప్పుడు గుర్తొచ్చింది. ఎక్కడైనా ఒక పని అలా పడి ఉంటే చెయ్యి దానంతటదే పోతుంది. అది మంచితనమనుకుంటాం, ఇంట్లోవాళ్లు మన ఇష్టమనుకుంటారు. వసారాలోంచి "అమ్మాయ్!" అని వినపడినట్టే అయింది నాకు. ఆ గిన్నె అలాగే తీసుకెళ్లి హాల్లో టీపాయ్ మీద పెట్టి, ముగ్గుర్నీ పిలిచి చూపించాను. మా వారు నవ్వబోయి, నా మొహం చూసి మానేశారు.

దీనికి మీలో కొంతమంది ఏమంటారో తెలుసు. పిల్లలు దూరమయ్యాక ఆ పక్షే నాకు దిక్కయింది, నీకేం తెలుసు అంటారు. నిజమే. మూడో అంతస్తు పిన్నిగారిని చూశాను. ఆవిడది నిశ్శబ్దంగా ఉండే ఇల్లు, పొద్దంతా ఆవిడదే, ఆ కాకటీల్ ఆవిడ కళ్లజోడు తీసి దాక్కుంటుంది, ఇద్దరూ హాయిగా ఉన్నారు. ఆవిడ కోరి తెచ్చుకున్నారు, కోరి చేసుకుంటున్నారు. అయినా పంజరం ఇస్తూ ఆవిడ ఒక మాటన్నారు, "కూతురింటికి వెళ్లి నాలుగేళ్లయిందమ్మా, దీన్ని ఎవరికప్పజెప్పను?" అని. కాకటీల్ సరిగ్గా చూస్తే పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. గ్రే అయితే నలభై, యాభై. మా అమ్మాయికి పదమూడు, నాకు నలభై ఆరు. అది రేపు చదువుకో ఉద్యోగానికో వెళ్తుంది, వెళ్లాలి కూడా. చిలక వెళ్లదు.

మొదటిసారికి చిన్నదైన బడ్జీతో నేర్చుకోవచ్చంటారు ఇంకొందరు. ముగ్గులు నేర్చుకోవడానికి నేల ఉంది. ఒక ప్రాణం మీద చెయ్యి తిప్పుకోవడమేమిటి? అరచేతిలో పట్టేంత పక్షే అయినా దానికీ జత కావాలి, ఎగరడానికి వెడల్పు కావాలి, చీకటి కావాలి. చిన్నది కాబట్టి జబ్బు చేసినా చివరిదాకా బయటపెట్టదు, మనం గమనించేసరికి ఆఖరి రోజవుతుంది. ఆ రోజు డాక్టరు కోసం ఊరంతా వెతికేది కూడా నాకు తెలుసు ఎవరో. కుక్కల్ని చూసే డాక్టర్లు వీధికొకరున్నారు, పక్షుల్ని చూసేవాళ్లు ఎక్కడున్నారో ముందు కనుక్కోండి.

ఎవరింట్లోనైనా చిలక కావాలన్న మాట వస్తే మీరు చోటు గురించి మాట్లాడకండి. చోటు లేదంటే "బాల్కనీ ఉందిగా" అంటారు, డబ్బు లేదంటే "నేనిస్తాను" అంటారు. గడియారం గురించి అడగండి. పొద్దున ఆరున్నర ఎవరిది, సాయంత్రం ఐదున్నర ఎవరిది, సంక్రాంతికి ఊరెళ్తే ఎవరు ఆగిపోతారు అని పేర్లు పెట్టి అడగండి. మీ పేరు ఎవరైనా రాస్తే కొట్టెయ్యండి. "నాకు ఇష్టమే, నేనే చేసుకుంటాను" అని మీకు మీరుగా అనిపిస్తే అప్పుడు తెచ్చుకోండి, నేను కాదనను. అది కూడా పచ్చ చిలక కాకుండా.

మూడు వారాలయ్యాక పంజరం తుడిచి, మా అబ్బాయి చేతే పిన్నిగారికి పంపించేశాను. మా వారు ఆ రాత్రి మ్యాచ్ సౌండు పెట్టుకుని చూశారు. మా అమ్మాయి మాత్రం రెండు రోజులు ముభావంగా తిరిగింది. మూడో రోజు నేను బట్టలు మడత పెడుతుంటే వచ్చి పక్కన కూర్చుని, తనంతట తాను నాలుగు టవల్స్ మడిచి, "అమ్మా, మీ రాముడు ఇంకా ఏమేం మాట్లాడేది?" అని అడిగింది. చెప్పాను. "అమ్మాయ్!" అని నాన్నమ్మ గొంతుతో అని చూపించాను. నవ్వింది గాని, పూర్తిగా నవ్వలేదు.

"మరి చిలక సంగతి?" అన్నాను.

పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూసి, "చలికాలంలో అడుగుతాలే" అంది.